యజమాని కార్పొరేటర్‌గా నిలబడిన వేళ మా పెండ్లి కార్డులు

హనుమకొండ చౌరస్తా నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో, ఒక సందు చివర ఉన్న ఆ ప్రింటింగ్ ప్రెస్సులో నేను పదేళ్లకు పైగా పని చేయించుకుంటున్నాను. అక్కడి ధరలు చౌక కావు, కూర్చోవడానికి ఉన్న కుర్చీ కూడా ఒక్కటే. అయినా అక్కడికే వెళ్లడానికి కారణం, ప్రతి ప్రూఫునూ (అచ్చుకు ముందు సరిచూసే నమూనాను) యజమాని వేలు పెట్టి అక్షరం అక్షరం చదవడమే. వాట్సాప్‌లో పంపిన యూనికోడ్ (ఫోన్లలో వాడే) తెలుగు మ్యాటర్‌ను, ప్రెస్సుల్లో వాడే ‘అను’ ఫాంట్లలోకి మార్చినప్పుడు ఒత్తులు ఎక్కడెక్కడికో పోతాయి కాబట్టి, తెలుగు అచ్చుపనిలో ఆ చదువరి కంటే విలువైన యంత్రం లేదని నా అభిప్రాయం.

ఆయన 2021 ఏప్రిల్‌లో గ్రేటర్ వరంగల్ మున్సిపల్ కార్పొరేషన్ ఎన్నికల్లో స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డారు. డివిజన్ల సంఖ్య 58 నుంచి 66కు పెరగడంతో హద్దులు మారి, తనకు పరిచయం లేని వీధులు కూడా తన డివిజన్‌లో చేరాయని, ఇంటింటికీ తిరగక తప్పదని ఆయన చెప్పారు. సరిగ్గా ఆ రోజుల్లోనే నేను మా అమ్మాయి పెండ్లికి 300 కార్డుల పని అప్పగించాను.

కార్డులు నాలుగు రోజులు ఆలస్యమయ్యాయి, దానికి కారణాలు నాకు అర్థమయ్యాయి. స్వతంత్రులకు గుర్తులు ఖరారయ్యేది నామినేషన్ల ఉపసంహరణ తరువాతే కనుక, వారి కరపత్రాలన్నీ పోలింగుకు మిగిలిన కొద్ది రోజుల్లోనే అచ్చు కావాలి. దానికి తోడు కరోనా రెండో దశ వల్ల ఏప్రిల్ 20 నుంచి రాత్రి 9 గంటలకు కర్ఫ్యూ మొదలవడంతో, రద్దీ రోజుల్లో తెల్లవార్లూ నడిచే ఆ ఆఫ్‌సెట్ యంత్రం చీకటి పడగానే ఆగిపోయేది. తన కరపత్రాలతో పాటు ప్రత్యర్థుల కరపత్రాలు కూడా ఆయన ప్రెస్సులోనే అచ్చయ్యాయి. ఎవరి పని ముందు వస్తే వారిదే ముందు వేశారని అక్కడి పనివాళ్లు చెప్పారు. ఆ ఆలస్యాన్ని నేను తప్పుగా లెక్కపెట్టడం లేదు.

తప్పు వేరే చోట జరిగింది. యజమాని ప్రచారంలో ఉండగా డీటీపీ (కంప్యూటర్‌లో అక్షరాలు కూర్చే పని) చేసే కుర్రవాడు వేరొకరి పాత ఫైలు మీదే మా పేర్లు కొట్టి, ప్రూఫును నా ఫోనుకు పంపాడు. కండ్లద్దాలు పెట్టుకోకుండానే నేను సరేనన్నాను. కార్డులు ఇంటికి వచ్చాక చూస్తే, నిక్షేపంగా ఉన్న మా నాన్నగారి పేరు ముందు ‘కీ.శే.’ అని ఉంది! ఆయన నవ్వారు గాని, మా అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ సాయంత్రమే ప్రెస్సుకు వెళ్లాను. మెడలో కండువాతో, గొంతు పోయిన స్థితిలో అప్పుడే వచ్చిన యజమాని కార్డు చదివి, “తప్పు మాదే సార్, నేను చూడకుండా పోయినందుకే ఇట్లయింది” అన్నారు. శివకాశి నుంచి వచ్చే ఆ డిజైన్ కార్డులు అయిపోవడంతో, అంతకంటే ఖరీదైన రకం మీద మొత్తం 300 మళ్లీ వేసి, పైసా అదనంగా తీసుకోలేదు. ప్రూఫుకు సరేనన్నది నేనే అన్న మాటను ఆయన ఒక్కసారి కూడా ఎత్తలేదు, ఓటు సంగతి కూడా ఎత్తలేదు.

ఏప్రిల్ 30న పోలింగ్ జరిగింది. మే 3న ఫలితాలు వస్తే, 66 డివిజన్లలో 48 టీఆర్‌ఎస్‌కు దక్కాయి, ఆయన ఓడిపోయారు. మే 12న లాక్‌డౌన్ వచ్చి పెండ్లికి 40 మందికే అనుమతి ఉండటంతో, రెండోసారి వేసిన కార్డుల్లో సగానికి పైగా మా అటక మీదే ఉండిపోయాయి.

పని నాణ్యతకు ఆ ప్రెస్సును నేను ఇప్పటికీ సిఫారసు చేస్తాను. అయితే అక్కడి నాణ్యత అంతా ఒక్క మనిషి కళ్లలోనే ఉందని, ఆయన బయటికి వెళితే దాన్ని చూసుకునే రెండో మనిషిని ఇంతవరకూ తయారు చేసుకోలేదని కూడా చెప్పాలి. వెళ్లేవారు ఉదయం పూట, ఆయన ఉండగా వెళ్లి, ప్రూఫును కాగితం మీద తీయించుకొని ఇద్దరూ కూర్చొని చదవండి. మా అబ్బాయి పెండ్లి కార్డులు కూడా అక్కడే వేయిస్తాను, కాకపోతే ఎన్నికల నోటిఫికేషన్ రాకముందే ఇస్తాను.