కెనాన్ 10-18 వైడ్ జూమ్: నాలుగేళ్లు వాడాక

క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) కెనాన్ ఉండి, రాయలసీమలో కోటలూ గుళ్లూ గుహలూ తీయాలనుకునేవాళ్లు ముందు చూడాల్సింది ఈ లెన్స్‌నే. పూర్తి పేరు ఈఎఫ్-ఎస్ 10-18 ఎమ్ఎమ్ ఎఫ్/4.5-5.6 ఐఎస్ ఎస్‌టీఎమ్. ఇందులో ఐఎస్ అంటే చేతి వణుకును తగ్గించే ఏర్పాటు, ఎస్టీఎమ్ అంటే ఫోకస్ మోటారు. 10 దగ్గర చూపు అన్నిటికన్నా వెడల్పు, 18 దగ్గర తక్కువ. 2014లో వచ్చింది. బరువు 240 గ్రాములే, రోజంతా మెడలో వేలాడినా నొప్పి తెలీదు. ఫుల్ ఫ్రేమ్ ఈఎఫ్ బాడీకి ఎక్కదు. ఆర్ఎఫ్ మిర్రర్‌లెస్‌కు అడాప్టర్ కావాలి.

వైడ్ (ఎక్కువ వెడల్పు పట్టే లెన్స్) కొంటే కొండంతా ఒక్క ఫోటోలో పడుతుందని చాలామంది ఆశ. పడుతుంది, కానీ పిసరంత అయిపోతుంది. గండికోటలో 10 పెట్టి లోయ తీస్తే పెన్న దారప్పోగులా కనబడుతుంది, సగం ఫోటో ఉత్త ఆకాశమే. అక్కడ 15-18 మధ్య వాడండి. 10 వాడాలంటే ముందు ఒక ఎర్రబండ ఉండాలి. కెమెరాను మోకాలి ఎత్తుకు దించి, ఎఫ్/8 (ఇది లెన్స్ రంధ్రం కొలత, అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది) పెట్టి, మీటరు దూరంలో ఫోకస్ చేస్తే అర మీటరు దగ్గరి బండ పగులు నుంచి అవతలి గట్టు దాకా స్పష్టంగా వస్తుంది. ఎఫ్/16 దాకా మూస్తే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలో వెలుతురు చెదరడం) వల్ల గీతల పదును పోతుంది. ఒక్క జాగ్రత్త: ఫైండర్‌లో దూరంగా కనబడే అంచు నిజానికి మీ కాళ్ల ముందే ఉంటుంది. కన్ను తీసి చూశాకే అడుగు వేయండి.

ఈ లెన్స్ విలువ తెలిసేది లేపాక్షిలో. మండపం పైకప్పు చిత్రాలకు 10 దగ్గరి 107 డిగ్రీల చూపు నిజంగా అక్కరకొస్తుంది. కెమెరాను నేల మీద వెల్లకిలా పెట్టి, రెండు సెకన్ల టైమర్‌తో తీస్తే చేతి వణుకు ఉండదు, ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ సున్నితత్వం) 200కే పని జరుగుతుంది. ఫ్లాష్ వద్దు, పాత రంగులవి. స్తంభాలు తీసేటప్పుడు కెమెరా పైకి వంచితే అవన్నీ లోపలికి వాలిపోతాయి. స్క్రీన్‌లో లెవెల్ గీత ఆన్ చేసి నిటారుగా పట్టుకోండి, మిగిలిన నేలను తర్వాత కత్తిరించుకోవచ్చు. వేలాడే స్తంభం కింది సందు కూడా దీంతో బాగా వస్తుంది. కనీస ఫోకస్ దూరం సెన్సర్ నుంచి 22 సెంటీమీటర్లు, అంటే ముందు గాజుకూ రాయికీ మధ్య పది సెంటీమీటర్లే.

బెలూం గుహల్లో ఐఎస్ ఆదుకుంటుంది. గోడకు భుజం ఆనించి 1/4 సెకనుకు తీసినా నాలుగింట మూడు పదునుగానే వస్తాయి. కానీ లోపల ఉక్క, తేమ. ఏసీ కారులోంచి దింపి నేరుగా తీసుకెళ్తే చల్లటి గాజు మీద ఆవిరి పడుతుంది. దిగడానికి ముందు ఇరవై నిమిషాలు బ్యాగు మూసే ఉంచి బయటి వేడికి అలవాటు కానివ్వండి. గుడ్డతో తుడిస్తే మళ్లీ పడుతుంది.

ఐఎస్ మనుషుల కదలికను ఆపలేదు. పెళ్లి పందిట్లో ఇది చాలదు. ఆ పనికి టోకినా 11-16 ఎఫ్/2.8 మేలు, బరువు రెట్టింపు పైనే అయినా, ఐఎస్ లేకపోయినా సరే. ఏ వైడ్‌తోనైనా గ్రూప్ ఫోటోలో చివర నిలబడ్డవాళ్ల ముఖాలు సాగుతాయి. 18 దగ్గర పెట్టి, రెండు పక్కలా ఒక మనిషి పట్టేంత ఖాళీ వదలండి.

మౌంటు (కెమెరాకు తగిలించే భాగం) ప్లాస్టిక్, దుమ్ము ఆపే రబ్బరు లేదు. మన గాలిదుమారంలో లెన్స్ మార్చొద్దు. గాజుకు ముందు బ్లోయరు, తర్వాతే గుడ్డ. లేకపోతే ఇసుక రేణువే గీత పెడుతుంది. హుడ్ విడిగా కొనాలి. ఫిల్టర్ 67 ఎమ్ఎమ్, సన్నటి అంచుదే తీసుకోండి, రెండు ఒకదానిమీద ఒకటి పెడితే మూలలు నల్లబడతాయి. పోలరైజర్ (మెరుపులు తగ్గించే ఫిల్టర్) ఇంత వెడల్పులో ఆకాశాన్ని ఒకపక్క ముదురుగా, ఒకపక్క పాలిపోయినట్టు చేస్తుంది.

సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే వెనకనుంచి ఫోన్ టార్చ్ వేసి లోపల బూజు దారాలున్నాయేమో చూడండి. కెమెరా ఆన్ చేసే ఫోకస్ రింగు తిప్పి చూడండి. అది మోటారుతో నడిచేది, ఆఫ్‌లో తిప్పితే ఫోకస్ కదలదు, పాడైందనుకుంటారు. చివరగా ఇటుక గోడకు ఎదురుగా నిలబడి 10లో ఎఫ్/8 పెట్టి ఒకటి తీసి, నాలుగు మూలలూ పెద్దవి చేసి చూడండి. ఒక్క మూలే మసకగా ఉంటే ఆ లెన్స్ కింద పడిందేమోనని అనుమానించి వదిలేయండి.