టర్బో కారులో ఏఎఫ్ఆర్ గేజ్: ఐదేళ్ల వాడకం తర్వాత

టర్బో కారుకు ఏ ఏఎఫ్ఆర్ (ఇంజన్‌లో గాలి, ఇంధనాల నిష్పత్తి) గేజ్ మంచిదని అడిగేవాళ్లకు నేను ముందు చెప్పే మాట ఒకటే: గేజ్ అందం తర్వాత, దానికి ఏ సెన్సర్ ఇస్తున్నారో చూడండి. ఈ ముక్క తెలియక నా మొదటి గేజ్ డబ్బులు దండగయ్యాయి.

అది న్యారోబ్యాండ్ గేజ్. కారుతో వచ్చిన ఆక్సిజన్ సెన్సర్‌కు ఒక వైరు కలిపితే చాలు, రంగు లైట్లు వరసగా వెలుగుతాయి. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండటానికి బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి. కానీ ఆ సెన్సర్‌కు తెలిసింది ఆ 14.7కి ఇటు ఉన్నామా, అటు ఉన్నామా అన్నదే. ఆ గీత దాటగానే వోల్టేజీ 0.1 నుంచి 0.9కి గెంతుతుంది, అంతే. బూస్ట్‌లో, అంటే టర్బో ఒత్తిడితో గాలి నెట్టేటప్పుడు, మనకు కావలసింది 11.5 ఉందా, 12.8 ఉందా అని. మొదటిది ఇంజన్‌కు క్షేమం, రెండోది నాక్ (ఇంధనం అదుపు తప్పి మండి ఇంజన్‌ను దెబ్బతీయడం) మొదలయ్యే చోటు కావచ్చు. రెండింటికీ అది అదే 'రిచ్' (ఇంధనం ఎక్కువ) లైటు చూపిస్తుంది. ఏడాది పాటు ఆ లైటును నమ్మి నడిపాను.

తర్వాత బాష్ ఎల్ఎస్‌యూ 4.9 సెన్సర్ ఉన్న వైడ్‌బ్యాండ్ గేజ్, అంటే అసలు అంకెనే చూపించేది, పెట్టించాను. నాలుగేళ్లయింది. పాత 4.2 సెన్సర్‌ను అప్పుడప్పుడు పైపులోంచి తీసి, బయటి గాలిలో క్యాలిబ్రేట్ చేసుకోవాలి. నా గేజ్‌కు ఆ పని లేదు.

దాని విలువ ఒక సాయంత్రం తెలిసింది. మూడో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాను. మామూలుగా బూస్ట్ ఎక్కుతుంటే అంకె జారుతూ వచ్చి 11.6 దగ్గర నిలబడుతుంది. ఆ రోజు 11.8, 12.3, 12.9 అంటూ పైకి పాకింది. శబ్దం మారలేదు, లాగుడు తగ్గలేదు. వెంటనే కాలు తీసేశాను. తర్వాత చూస్తే, బూస్ట్ పెరిగే కొద్దీ ఫ్యూయెల్ ప్రెషర్ పడిపోతోంది, పంపు అరిగిపోయింది. పంపు మార్చాక మళ్లీ 11.6. ఆ అంకె కనపడకపోతే పిస్టన్లు ఏమయ్యేవో తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

అందుకే ముల్లు గేజ్ కన్నా పెద్ద అంకెలున్నది తీసుకోండి. రోడ్డు మీంచి చూపు తిప్పడానికి మనకు దొరికేది అర సెకను. తీరిగ్గా చూడాలంటే గేజ్ అంకెను ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) ద్వారా లాగ్, అంటే రికార్డు, చేసుకోవాల్సిందే. ఇక్కడ నేను వారం రోజులు టెన్షన్ పడ్డాను. గేజ్ మీద 11.6 ఉంటే లాగ్‌లో 11.9 వచ్చేది. గేజ్ ఎర్త్ ఒక చోట, ఈసీయూ ఎర్త్ ఇంకో చోట ఉండటమే కారణం. 0-5 వోల్టుల అవుట్‌పుట్‌లో ఆ కాస్త వోల్టేజీ తేడా అంకెను అంతగా మార్చేస్తుంది. రెండు ఎర్త్‌లూ ఒకే చోటికి తెచ్చాక సరిపోయింది. మీ ఈసీయూ తీసుకుంటుందంటే క్యాన్ (అంకెను డిజిటల్‌గా పంపే) అవుట్‌పుట్ ఉన్న గేజే కొనండి, ఈ తలనొప్పి ఉండదు.

సెన్సర్‌ను టర్బో తర్వాతే బిగించాలి, రెండు మూడు అడుగుల దూరంలో. ముందు పెడితే వేడి, ఒత్తిడి రెండూ దాన్ని తినేస్తాయి. పైపు పక్క నుంచి కొద్దిగా పైకి వాలి ఉండాలి, లేకపోతే నీటి చుక్కలు చేరి లోపలి సిరామిక్ పగులుతుంది. దాని ముందు ఎక్కడైనా పైపు లీకైతే బయటి గాలి కలిసి అంకె లీన్‌గా (ఇంధనం తక్కువున్నట్టు) కనపడుతుంది. ట్యూనింగ్ మీద చెయ్యి వేసే ముందు గ్యాస్కెట్లు చూసుకోండి. ఇంకో జాగ్రత్త: డాష్‌బోర్డ్ పని కోసం గేజ్ తీసి, సెన్సర్‌ను పైపులోనే ఉంచి రెండు వారాలు కారు నడిపాను. హీటర్‌కు కరెంటు లేక మసి పట్టి అది పోయింది. కొత్తది కొనాల్సి వచ్చింది.

చివరగా, గేజ్ నిజానికి కొలిచేది లాంబ్డా, అంటే ఇంధనం పూర్తిగా మండటానికి కావలసిన గాలికి ఉన్న గాలి ఎన్ని రెట్లో. దాన్ని 14.7తో గుణించి ఏఎఫ్ఆర్‌గా చూపిస్తుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు ఆ 14.7 సరిపోదు, కానీ లాంబ్డా 1 ఏ ఇంధనానికైనా 1 అనే అర్థం. నేను గేజ్‌ను లాంబ్డాకు మార్చేశాను. కొన్నాళ్లు కొత్తగా అనిపించింది. ఇప్పుడు మూడో గేరులో నా కన్ను వెతికేది 0.79.