‘ఆటోమేటిక్’ అని రాసి ఉన్నంత మాత్రాన బ్యాటరీ ఛార్జర్‌ను నమ్మి వదిలేయకండి

వాహనాన్ని రోజూ బయటకు తీయనివారు, బ్యాటరీ దిగిపోకుండా ఉండేందుకు ఒక మెయింటైనర్ (బ్యాటరీని ఎప్పుడూ నిండుగా ఉంచే ఛార్జర్) కొని ఎప్పుడూ తగిలించి ఉంచుదామని అనుకుంటూ ఉంటే, దయచేసి ఇది చదివిన తర్వాతే నిర్ణయం తీసుకోండి. నేను కొన్న ఛార్జర్ పెట్టె మీద ‘పూర్తి ఆటోమేటిక్’ అనీ, ‘నెలల తరబడి తగిలించి ఉంచవచ్చు’ అనీ పెద్ద అక్షరాలతో ముద్రించి ఉంది. ఆ రెండు మాటల్లో ఒక్కటీ నిజం కాదు. నిక్షేపంగా పనిచేస్తున్న కారు బ్యాటరీ ఒకటి దాని వల్ల పూర్తిగా పాడైపోయింది.

తగిలించిన కొన్ని గంటలకే ఎర్ర దీపం ఆరిపోయి పచ్చ దీపం వెలిగింది కాబట్టి, ఛార్జింగ్ పూర్తయిందనీ, ఇక ఆ పరికరం బ్యాటరీని కాపాడుతూ ఉంటుందనీ ఎవరైనా అనుకుంటారు. కొన్ని వారాల తర్వాత బానెట్ ఎత్తేసరికి కుళ్లిన గుడ్ల వాసన గుప్పుమన్నది. బ్యాటరీ పక్కలు రెండూ బయటికి ఉబ్బి ఉన్నాయి, పాజిటివ్ టెర్మినల్ చుట్టూ పొడి పేరుకుపోయి ఉంది, దాని కింద ఉన్న ఇనుప పళ్లెం మీద రంగు పొక్కులు లేచింది. పచ్చ దీపం మాత్రం అలాగే వెలుగుతున్నది. టెర్మినళ్ల మీద మల్టీమీటర్ (వోల్టేజీ కొలిచే మీటరు) పెడితే 15.3 వోల్టులు చూపించింది. విద్యుత్తు ఆపి, గాలి బాగా ఆడనిచ్చి, బ్యాటరీ చల్లబడిన తర్వాత మూతలు తీసి చూస్తే, ఆరు గదుల్లోనూ ప్లేట్ల పైఅంచులు ద్రవ మట్టాన్ని దాటి పైకి కనిపిస్తున్నాయి.

ఆ 15.3 అనే అంకె ఎంత ప్రమాదకరమైనదో వివరంగా చెప్పవలసి ఉంది. పూర్తిగా ఛార్జ్ అయిన 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ (సీసం ప్లేట్లు, ఆమ్లం ఉండే మామూలు కారు బ్యాటరీ), ఏమీ తగిలించకుండా కొన్ని గంటలు వదిలేస్తే, సుమారు 12.6 నుంచి 12.7 వోల్టుల దగ్గర నిలబడుతుంది. దాన్ని ఛార్జ్ చేసేటప్పుడు మంచి ఛార్జర్ దాదాపు 14.4 వోల్టుల వరకు తీసుకువెళ్లి, బ్యాటరీ తీసుకునే కరెంటు బాగా తగ్గిపోగానే 13.2 నుంచి 13.8 మధ్యకు దించి, అక్కడే నిలకడగా ఉంచుతుంది. ఫ్లోట్ అని పిలిచేది ఈ దశనే. నెలల తరబడి తగిలించి ఉంచదగిన ఛార్జర్‌కు ప్రాణం ఈ దశలోనే ఉంది. ఇలా దిగకుండా 15 వోల్టులు దాటి కొనసాగితే, లోపలి నీరు హైడ్రోజన్‌గా, ఆక్సిజన్‌గా విడిపోయి వాయువులుగా బయటికి పోతుంది, పాజిటివ్ ప్లేట్ల లోపలి జాలీ తుప్పు పట్టి అరిగిపోతుంది, బ్యాటరీ వేడెక్కుతుంది. గాలిలో హైడ్రోజన్ 4 శాతానికి చేరితే చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. ఇక ఆ కుళ్లిన గుడ్ల వాసన హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువుది. మూసి ఉన్న షెడ్డులో ఇది జరిగితే నష్టం ఒక్క బ్యాటరీతో పోదు.

ఎలక్ట్రికల్ పని తెలిసిన మెకానిక్ ఒకరు ఆ ఛార్జర్ విప్పి చూపించారు. లోపల ఒక ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు డయోడ్లు, దీపం రంగు మార్చే చిన్న బోర్డు తప్ప, వోల్టేజీని అదుపు చేసే భాగం ఏదీ లేదు. అంటే వోల్టేజీ ఒక స్థాయికి రాగానే దీపం రంగు మారుతుందే గాని, కరెంటు ప్రవాహం ఆగదు. అమ్మినవారిని అడిగితే బ్యాటరీయే పాతదని వాదించారు. వెలుగుతున్న పచ్చ దీపం, మీటరు అంకె ఒకే చిత్రంలో పడేలా తీసి ఉంచిన వీడియో పంపిన తర్వాత ఛార్జర్ ధర వాపసు ఇచ్చారు, బ్యాటరీకి మాత్రం బాధ్యత తీసుకోలేదు.

కాబట్టి కొనేముందు పెట్టె మీది మాటలను కాదు, వివరాల పట్టికలోని అంకెలను చూడండి. ఛార్జింగ్ వోల్టేజీ ఎంతో, ఫ్లోట్ వోల్టేజీ ఎంతో విడివిడిగా రాసి ఉండాలి. ఆ రెండు అంకెలూ ఇవ్వని తయారీదారు సరుకును నేనైతే ఇకమీదట ముట్టుకోను. మీ బ్యాటరీ మామూలు నీటి బ్యాటరీయా, ఏజీఎమ్మా (ఆమ్లాన్ని గాజు నార పీల్చుకుని ఉండే రకం), జెల్లా (ఆమ్లం గడ్డకట్టిన జెల్‌లా ఉండే రకం) అన్నది చూసుకుని, దానికి తగిన సెట్టింగ్ ఉందో లేదో నిర్ధారించుకోండి, ఎందుకంటే జెల్ రకానికి 14.4 కూడా ఎక్కువే కావచ్చు. లిథియం బ్యాటరీకి దాని కోసమే తయారైన ఛార్జర్ కావాలి. లెడ్ యాసిడ్ ప్లేట్ల మీద పేరుకున్న సల్ఫేట్ తొలగించే మోడ్ దానికి ఎంతమాత్రం పనికిరాదు. కరెంటు పోయి వచ్చినప్పుడు తనంతట తాను మళ్లీ మొదలవుతుందా అన్నది కూడా అడగండి, కొన్ని రకాలు బటన్ నొక్కేవరకు ఊరకే ఉండిపోతాయి, ఈలోగా బ్యాటరీ నెమ్మదిగా దిగిపోతుంది. కొన్న వెంటనే రాసే అభిప్రాయాలను ఈ విషయంలో నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను. ఛార్జ్ ఎక్కించడం చవకరకం పరికరమైనా చేస్తుంది, ఛార్జ్ నిండిన తర్వాత ఏం చేస్తుందన్న దాంట్లోనే తేడా బయటపడుతుంది.

వాపసు గడువు ముగిసేలోపే పరీక్షించుకోండి. పచ్చ దీపం వెలిగిన మరునాడు, ఛార్జర్ తగిలించి ఉండగానే మల్టీమీటర్‌తో కొలవండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ మీద 14 వోల్టులకు పైనే నిలకడగా కనిపిస్తే, చలి ప్రదేశంలో ఉష్ణోగ్రతను బట్టి వోల్టేజీ పెంచే రకం అయితే తప్ప, అది తగిలించి వదిలేయదగినది కాదు.

ఇప్పటికే ఇలాంటి ఛార్జర్ తగిలించి ఉన్నవారు, వాసన వచ్చినా, బ్యాటరీ ఉబ్బినట్లు కనిపించినా, క్లిప్పుల మీద చేయి వేయకండి. తగిలించి ఉన్న క్లిప్పు లాగితే నిప్పురవ్వ లేస్తుంది. తలుపులు తెరిచి, దగ్గరకు వెళ్లకుండా మెయిన్ దగ్గరే విద్యుత్తు ఆపివేసి, వాయువు పూర్తిగా పోయేదాకా ఆగి, ఆ తర్వాతే ముందు నెగటివ్ క్లిప్పును, తర్వాత పాజిటివ్ క్లిప్పును తీయండి. ఉబ్బిన బ్యాటరీలో నీళ్లు పోసి మళ్లీ వాడే ప్రయత్నం చేయకుండా, పాత బ్యాటరీలు తీసుకునే దుకాణంలో అప్పగించండి.