నాన్నతో కెచికాన్, ప్రిన్స్ ఆఫ్ వేల్స్ ఐలాండ్ – సాల్మన్ ఏరెక్కే చోటుకి వెళ్ళొచ్చాం

2025 ఆగస్టులో మా నాన్న రాజమండ్రి నుంచి సియాటెల్ వచ్చారు. అలాస్కా అనగానే అందరూ క్రూజ్ ఎక్కించమన్నారు గానీ ఆయనకి షిప్పులో షోలు, బఫేలు పట్టవు, చేపలు ఏరెక్కే చోటు ఒక్కటి చూపించమ్మా చాలు అన్నారు. గోదారికి ఎర్రనీరు రాగానే సముద్రం నుంచి ఎదురీదుకుంటూ ధవళేశ్వరం దాకా వచ్చే పులస కోసం ఎదురుచూస్తూ పెరిగిన మనిషి మరి. అందుకే క్రూజ్ లేకుండా నాలుగు రోజులు వెళ్ళొచ్చాం, అలా వెళ్ళాలనుకునేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

సియాటెల్ నుంచి అలాస్కా దక్షిణపు కొసన ఉన్న కెచికాన్ ఊరికి ఫ్లైట్‌లో రెండు గంటలే. ఎయిర్‌పోర్ట్ ఎదురుగా ఉన్న వేరే ఐలాండ్‌లో ఉంటుంది, చిన్న ఫెర్రీ ఎక్కి ఊళ్ళోకి రావాలి, ఐదారు నిమిషాలు. వాన మాత్రం మామూలుగా ఉండదు, ఏడాదికి 150 అంగుళాల దగ్గర పడుతుందట, గొడుగు దండగ, మంచి రెయిన్ జాకెట్, రబ్బరు బూట్లు తెచ్చుకోండి. ఊళ్ళో 'ప్రపంచ సాల్మన్ రాజధాని' అని పెద్ద ఆర్చి ఉంటుంది. క్రీక్ స్ట్రీట్ అని ఏటి మీదే స్తంభాలు పాతి కట్టిన చెక్క ఇళ్ళ వీధి, ఆ వంతెన మీద నిలబడితే కింద పింక్ సాల్మన్ వేలల్లో, నీళ్ళు నల్లగా కనిపించేంత. షిప్పులు దిగాక అక్కడ కాలు పెట్టే చోటుండదు, పొద్దున్నే గానీ సాయంత్రం షిప్పులు వెళ్ళాక గానీ వెళ్ళండి. మేం దిగిన హోటల్ పేరు చెప్పను గానీ ఆ రేటుకి అస్సలు తగదు, రూమంతా చెమ్మ వాసన, హీటర్ రెండుసార్లు చెప్తే గానీ చూడలేదు. ఒక్క రాత్రి చాలు కెచికాన్‌లో.

అసలు ట్రిప్పు మొదలైంది ప్రిన్స్ ఆఫ్ వేల్స్ ఐలాండ్‌లో. కెచికాన్ నుంచి హాలిస్‌కి రోజుకి ఒక్క ఫెర్రీ, మధ్యాహ్నం బయల్దేరుతుంది, మూడు గంటలు, సీట్లు శుభ్రంగా ఉన్నాయి, సిబ్బంది నాన్నని కిటికీ పక్కన కూర్చోబెట్టి మరీ చూసుకున్నారు. హాలిస్‌లో ఏమీ ఉండదు, అక్కణ్ణుంచి క్లావాక్, క్రెయిగ్ ఊళ్ళకి గంట లోపే, తారు రోడ్డు. క్లావాక్‌లో కిచెన్ ఉన్న చిన్న క్యాబిన్ తీసుకున్నాం, ఈ ట్రిప్పులో బెస్ట్ నిర్ణయం అదే. క్లావాక్‌లో 21 టోటెమ్ స్తంభాలు (బొమ్మలు చెక్కిన పెద్ద మానులు) ఉన్న పార్కుంది, ట్లింగిట్ అనే అక్కడి ఆదివాసుల ఊరది, కాసేపు ప్రశాంతంగా కూర్చోండి. అలాస్కాలో మొదటి సాల్మన్ క్యానరీల్లో (చేపల్ని డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీల్లో) ఒకటి 1878లో ఇక్కడే పెట్టారు.

మర్నాడు క్యాబిన్ ఓనరు దారి చెప్తే లోపలి రోడ్లలోకి వెళ్ళాం. ఆయన ఒకప్పుడు చెట్లు కొట్టే పనే చేశాట్ట, ఇప్పుడు చేపల పడవ ఉంది. మొదటి మైళ్ళలో రెండు పక్కలా పాత స్ప్రూస్, హెమ్‌లాక్ చెట్లు, పైకి చూస్తే మెడ నొప్పెడుతుంది. మలుపు తిరగ్గానే కొండ కొండంతా గుండు గీసినట్టు, మొద్దులే మొద్దులు. నాన్న కారు ఆపమన్నారు. ఒక మొద్దు మీద చెయ్యి పెట్టి గోటితో వలయాలు లెక్కపెట్టడం మొదలెట్టారు, రెండొందలు దాటాక వాన పెద్దదైంది, ఇంకా సగం కూడా కాలేదు. మా తాతకి తాత పుట్టకముందు చెట్టే ఇది అన్నారు, అంతే, మళ్ళీ మాట్లాడలేదు.

ఇంకొంచెం ముందుకెళ్తే, కొట్టిన మానులు తరలించడానికి వేసిన లాగింగ్ రోడ్డు కింద ఒక ఇనప తూము. దాని కింద నీళ్ళు కోసేసి గుంట పడింది, తూము మూతి నీటికి నా మోకాలంత ఎత్తులో వేలాడుతోంది. ఒక పింక్ సాల్మన్, తోక దగ్గర చర్మమంతా ఊడి తెల్లగా అయిపోయింది, ఎగిరి ఆ ఇనుముకి కొట్టుకుని పడుతోంది, మళ్ళీ ఎగురుతోంది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఏట్లోకొచ్చాక ఇవి ఏమీ తినవు, ఒంట్లో ఉన్న శక్తితోనే ఎక్కి, గులకరాళ్ళలో గుడ్లు పెట్టి చచ్చిపోతాయి. ఎలుగుబంట్లు వాటిని అడవిలోకి లాక్కెళ్ళి సగం తిని వదిలేస్తే ఆ సత్తువంతా చెట్ల వేళ్ళకి చేరుతుంది. ఆ చెట్లే ఏటికి నీడ, ఏట్లో పడ్డ మానులే చేపపిల్లలు దాక్కునే మడుగులు. చెట్లు కొట్టేస్తే నీళ్ళు వేడెక్కుతాయి, వానకి కొండ మీద మట్టి, రోడ్ల బురద దిగి ఆ గులకరాళ్ళ సందుల్లో నిండిపోతే గుడ్లకి గాలాడదు.

ఈ అడవిలో చేపలున్న ఏర్లకి రెండు వైపులా కనీసం 100 అడుగులు చెట్లు వదలాలని 1990 చట్టంలో ఉంది, మంచిదే, కానీ పైన కొండ మీద చేపల్లేని పిల్లవాగులకి అంత కట్టుదిట్టం లేదు, బురద దిగేది అక్కణ్ణుంచే కదా. ఈ ఐలాండ్ టోంగస్ నేషనల్ ఫారెస్ట్‌లోది, కోటీ 67 లక్షల ఎకరాలు, అమెరికాలో అతి పెద్ద నేషనల్ ఫారెస్ట్. కెచికాన్‌లో చెక్కని కాగితపు గుజ్జు చేసే పల్ప్ మిల్లు 1997లో మూతపడేదాకా దశాబ్దాలు చెట్లు కొట్టారు. మళ్ళీ ఇదే ఐలాండ్‌లో 23 వేల ఎకరాలకి పైగా పాత అడవి కొట్టి, 164 మైళ్ళ కొత్త రోడ్లు వెయ్యాలన్న ప్లాన్‌ని 2020లో ఫెడరల్ కోర్టు ఆపింది. రోడ్లు లేని అడవిలో కొత్త రోడ్లు వెయ్యొద్దన్న 2001 నాటి రోడ్‌లెస్ రూల్‌ని టోంగస్‌కి 2020లో తీసేశారు, 2023లో మళ్ళీ పెట్టారు, 2025 జూన్‌లో దేశమంతా ఎత్తేస్తామని ప్రభుత్వం చెప్పింది. మేం ఇంటికొచ్చాక ఆగస్టు చివర్లో నోటీసిచ్చి జనం అభిప్రాయాలకి మూడు వారాలే టైమిచ్చారు. నేనూ రాశా, ఆ తూము గురించే రాశా. టోంగస్‌లో 90 లక్షల ఎకరాల పైచిలుకు ఆ రూల్ కిందే ఉంది, అదంతా ఇలా గొరిగించుకోడానికి నాకు మనసొప్పదు.

ఓనర్ని అడిగా, పని పోయిందని బాధ లేదా అని. ఉంది, నా పిల్లలు అన్నం తిన్నది ఆ పనితోనే, కానీ నేను కొట్టిన కొండ నలభై ఏళ్ళైనా లోపలికి వెలుతురు పోనంత గుబురై ఉంది, కింద గడ్డి లేదు, జింక లేదు అన్నాడు. సాయంత్రం కోహో అనే ఇంకో రకం సాల్మన్ ముక్క ఇచ్చాడు, నాన్న మేం తీసుకెళ్ళిన చింతపండుతో పులుసు పెట్టారు, ముల్లు తక్కువ, పులసంత కొవ్వు లేదు గానీ రుచి బాగుంది, ఆయనకీ ఒక గిన్నె పంపాం.

అద్దె కారు విషయంలో జాగ్రత్త, మేం తీసుకున్న చోట స్పేర్ టైర్‌లో గాలే లేదు, లోపలి రోడ్లలో సిగ్నల్ ఉండదు, తీసుకునేటప్పుడే చూసుకోండి, మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి. శాకాహారులైతే బియ్యం, పప్పు తీసుకెళ్ళాల్సిందే. పింక్ సాల్మన్‌కి ఆగస్టు బాగుంటుంది, కోహో కావాలంటే సెప్టెంబర్. ఫెర్రీలో కారు ఎక్కించేట్టయితే టికెట్ ముందే బుక్ చెయ్యండి. క్యాబిన్‌కి మూడు రాత్రులైనా పెట్టుకోండి, మేం రెండే పెట్టుకున్నాం. వచ్చే ఏడు నాన్న మళ్ళీ వస్తానన్నారు, ఆ తూము దగ్గరికే ముందు తీసుకెళ్ళమన్నారు.