మేపుల్ ఆకుల డెకార్ బాక్స్‌కి రెండు స్టార్లు, వన్ టౌన్ సంచికి నాలుగున్నర

ముందే చెప్పేస్తున్నా, ఇది రెండు రివ్యూలు కలిపి ఒకటి. మా అమ్మాయి ఆన్‌లైన్‌లో తెప్పించిన 'ఫాల్ హోమ్ డెకార్ బాక్స్' (ఫాల్ అంటే చలి దేశాల్లో ఆకులు రాలే కాలం, ఆ రంగుల అలంకారమన్నమాట) మొదటిది, అది చూసి మా అత్తయ్యగారు "ఇదేం అలంకారమే, పద వన్ టౌన్ వెళ్దాం" అని నన్ను బెజవాడ వన్ టౌన్‌కి లాక్కెళ్ళి తెప్పించిన సరుకు రెండోది. రెంటికీ ఖర్చు ఇంచుమించు ఒకటే అయింది కాబట్టి పక్కపక్కన పెట్టి రాస్తున్నా. బాక్స్ కంపెనీ పేరు, వన్ టౌన్ షాపు పేరు రెండూ రాయట్లేదు. షాపుకైతే అసలు బోర్డే లేదు లెండి.

బాక్స్ సంగతి తొందరగా తేల్చేస్తా. ఎర్రటి, నారింజ రంగు మేపుల్ ఆకుల దండలు రెండు (ప్లాస్టికే, ఫోటోలో మాత్రం గుడ్డలా కనిపించింది), బుల్లి థర్మాకోల్ గుమ్మడికాయలు, బ్యాటరీతో వెలిగే లైట్ల తీగ, దాల్చినచెక్క వాసన కొవ్వొత్తి. గుమ్మానికి ఆ దండ కడితే పక్కింటావిడ వచ్చి ఎవరి బర్త్‌డే అండీ అని అడిగింది, అంతకంటే రివ్యూ ఏం కావాలి. చలి దేశాల్లో పగలు తగ్గిపోయి, చలి మొదలయ్యేసరికి ఆకుల్లో పచ్చదనం పోయి లోపలున్న పసుపు బయటపడుతుంది, ఎరుపు అప్పుడే కొత్తగా పడుతుంది, వాళ్ళకి ఆ రంగులు నిజంగా కిటికీలోంచి కనిపిస్తాయి కాబట్టి ఇంట్లోకీ తెచ్చుకుంటారు, బాగుంటుంది కూడా. బెజవాడలో ఆశ్వయుజం, కార్తీకం అంటే వానలు తడిపిన పచ్చదనం, మన వేపచెట్లు ఆకు రాల్చేది ఎప్పుడో ఫిబ్రవరి, మార్చిలో. ఇక్కడ అక్టోబర్లో పగలు ఉక్క, సాయంత్రం వాన, ఫ్యాన్ కింద ఆ ప్లాస్టిక్ ఆకులు గలగలమంటుంటే మా ఆయన లేచి ఫ్యాన్ బేరింగ్ పోయిందేమో అని చూశారు.

కొవ్వొత్తి వెలిగించిన సాయంత్రం అత్తయ్యగారు వంటింట్లోకి వెళ్ళి పొయ్యి మీద మసాలా ఏమన్నా మాడుతోందా అని చూసొచ్చారు. లైట్ల తీగ ఒక్కటి మాత్రం నిజంగా బాగుంది, ఖాళీ హార్లిక్స్ సీసాలో చుట్టి టీవీ పక్కన పెట్టుకున్నాం, రెండు స్టార్లూ దానివే. అవే లైట్లు బీసెంట్ రోడ్డులో బేరమాడితే సగానికి ఇస్తారు, అది వేరే సంగతి.

ఇక వన్ టౌన్. బస్టాండ్ దగ్గర్నుంచి ఆటోలో కాళేశ్వరరావు మార్కెట్ అని చెప్పి దిగిపోండి, సొంత బండి తీసుకెళ్ళారో పార్కింగ్‌కే సగం పొద్దు పోతుంది. మా అమ్మాయి ఇన్నాళ్ళూ కాళేశ్వరరావంటే ఎవరో పెద్ద కొట్టు యజమాని అనుకుంటోందట! అయ్యదేవర కాళేశ్వరరావు గారు 1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకి మొదటి స్పీకర్ అయిన ఆయన, మన ఊరాయనే అని ఆటోలో క్లాసు పీకాల్సి వచ్చింది. ఇంకో ముఖ్యమైన మాట, దసరా నవరాత్రుల్లో అటు వెళ్ళకండి, అమ్మవారి దర్శనాల రద్దీకి ట్రాఫిక్ మళ్ళించేస్తారు, మూలా నక్షత్రం రోజైతే ఇక చెప్పక్కర్లేదు. నవరాత్రులకి ముందు ఒకసారి, కార్తీకం ముందు ఒకసారి అని పెట్టుకుంటే హాయి.

మట్టి సామాన్ల షాపు ఒక సందులో ఉంది. సగం సరుకు మెట్ల మీదే పేర్చి ఉంటుంది, నిలబడ్డానికి చోటు ఉండదు. కూర్చున్న పెద్దాయన మాట తక్కువ మనిషి, "బాబాయ్, డజను ఎంత" అంటే ప్రమిద తీసి చేతిలో పెట్టి "ముందు చూసుకోమ్మా" అంటాడు. ఎలా చూడాలో అత్తయ్యగారు చూపించారు: వేలి గోటితో అంచు మీద తడితే ఖంగున మోగాలి, డబ్ డబ్ అంటే సరిగ్గా కాలలేదని లెక్క, లేదంటే ఎక్కడో సన్న పగులు ఉంది. అడుగు చదునుగా ఉండి నేల మీద ఊగకూడదు. ముక్కు దగ్గర వత్తి ఆనే గాడి లోతుగా ఉంటే గాలికి వత్తి జారి నూనెలో పడదు. ఇవన్నీ చూసి ఏరుతుంటే ఆయన ఏమీ అనలేదు, పక్కన ఇంకొకావిడ చూడకుండా గంపగుత్తగా తీసుకుంటుంటే మాత్రం "ఇంటికెళ్ళాక కారుతున్నాయని రావద్దమ్మా" అని గట్టిగానే చెప్పాడు. ఆ నిజాయితీకే ఒక స్టార్ ఎక్కువ వేశా.

రంగులేసినవి, చెమ్కీలు అద్దినవి కూడా ఉన్నాయి, రేటు మూడింతలు. నేను వద్దన్నా, ఎందుకంటే నూనె తగిలి వేడెక్కాక ఆ రంగు వాసనేస్తుంది. మామూలువి తెచ్చి రాత్రంతా నీళ్ళ బకెట్లో వేసి ఉంచండి, మొదట్లో బుడగలు బుడగలుగా గాలి వదుల్తాయి, అది చూడ్డానికే మా అమ్మాయి బాత్రూమ్‌లో పీట వేసుక్కూర్చుంది. నీళ్ళు పీల్చుకున్న ప్రమిద నూనె తాగదు, నానబెట్టనిదైతే మీరు పోసిందాంట్లో బోలెడు అదే మింగేస్తుంది, నువ్వుల నూనె రేటు తెలుసుగా. తేమ ఆరాక బియ్యప్పిండి పల్చగా కలిపి అగ్గిపుల్లతో అంచు చుట్టూ చుక్కలు పెట్టాం, ఎర్రటి మట్టి మీద ఆ తెల్ల చుక్కలు భలే ఉన్నాయి, ఖర్చు సున్నా.

పూల విషయంలో కట్టిన దండ కొనకండి, విడిపూలు కిలో లెక్కన తెచ్చుకుని ఇంట్లో గుచ్చుకుంటే చాలా తేడా. బంతి ఎప్పుడూ తొడిమ వైపు నుంచి సూది దించాలి, రేకుల మధ్య నుంచి దింపితే మర్నాటికే విడిపోతుంది. పండగ ముందురోజు రేటు ఎలా ఎగురుతుందో అందరికీ తెలిసిందే, రెండ్రోజులు ముందు తెచ్చి తడిగుడ్డలో చుట్టి పెట్టుకోవచ్చు. వాడిపోయిన దండ చెత్తలో వేయొద్దు, ఎండబెట్టి ఆ పూలు నలిపి కుండీలో చల్లితే అవే మొలుస్తాయి, రేకు అడుగున నల్లటి పుల్లల్లాగ ఉండేవే విత్తనాలు.

హాల్లో గుమ్మానికి అత్తయ్యగారి పాత మంగళగిరి చీర తెర అయింది. నేత అలాగే ఉంది, మధ్యలో మాత్రం రెండు చోట్ల చిరుగు, అది కత్తిరించేసి నిజాం అంచు కిందకి వచ్చేలా సందు చివర టైలర్ దగ్గర కుట్టించాం. సాయంత్రం లైట్ పడితే ఆ జరీ మెరుస్తుంది. షోకేస్‌లో కొండపల్లి బొమ్మలు పెట్టాం (మా ఇంట్లో కొలువు సంక్రాంతికే, కానీ అప్పటిదాకా అట్టపెట్టెలో మూలగడం ఎందుకని), ఏనుగు అంబారీ ఒకటి తగ్గితే కొండపల్లి వెళ్ళినప్పుడు తెచ్చుకున్నాం. తెల్ల పొణికి కర్ర కాబట్టి చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు, అతుకుల దగ్గర చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతోనే అతికిస్తారు. బరువుగా ఉందంటే అది వేరే కర్ర, కొండపల్లి రేటు ఇవ్వకండి.

అసలు నాకు వన్ టౌన్ వెళ్ళడంలో లాభం కూరగాయల దగ్గరే. కంద, బచ్చలి, పెద్ద ఉసిరికాయలు, సీతాఫలాలు, తీపి గుమ్మడి ముక్కలు అన్నీ ఒకే చుట్టులో దొరికాయి. కంద కోసిన ముక్క కాకుండా చిన్న గడ్డే మొత్తం తీసుకోండి, కోసి పెట్టింది గాలికి నల్లబడుతుంది.

కంద బచ్చలి కూర గురించి కాస్త ఎక్కువ రాస్తా, ఏమనుకోకండి, ఈ నెలల్లో మా ఇంట్లో వారానికోసారి ఉండాల్సిందే, ఉల్లి వెల్లుల్లి అక్కర్లేదు కాబట్టి కార్తీక సోమవారాలకీ, వనభోజనాలకీ పనికొస్తుంది. చెక్కు తీసేముందు చేతులకి నూనె రాసుకోవాలి, తడిచేత్తో ముట్టుకున్నారో గంటసేపు గోక్కోవడమే. ముక్కలు కాస్త పెద్దవే కోసి పసుపేసి ఉడికించి నీళ్ళు వంచేయండి. శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు, అల్లం, పచ్చిమిర్చి పోపు వేగాక బచ్చలి వేస్తే అది వదిలిన నీళ్ళతోనే మగ్గిపోతుంది, అప్పుడు కంద, చిక్కటి చింతపండు పులుసు, ఉప్పు వేసి గరిటెతో సగం మెదిపి సగం ముక్కలుగా ఉంచాలి. పులుపు తగ్గించకండి, గొంతు దురద తగ్గేది దానివల్లే. ఇక ఆవ. ఆవాలు, ఒక ఎండుమిర్చి, ఉప్పు కొంచెం నీళ్ళతో మెత్తగా నూరి పక్కన పెట్టుకుని, కూర దింపి వేడి తగ్గాకే కలపాలి, పొయ్యి మీద ఉండగా వేస్తే చేదెక్కుతుంది, ఎంత బాగా చేసిన కూరైనా అక్కడే పాడవుతుంది. పైన ఒక చెంచా పచ్చి నువ్వుల నూనె. కలిపాక ఒక గంట ఆగి తింటే ఆ ఘాటు ముక్కలోకి దిగి ముక్కుపుటాలదాకా వస్తుంది.

ఉసిరికాయలు మచ్చల్లేకుండా, నీరుపట్టినట్టు లేత పచ్చగా ఉన్నవి ఏరుకోండి. తొక్కు పెట్టుకోవడానికి మొదట్లో వచ్చే చిన్నవి చాలు, నిలవ పచ్చడికి ఇంకొన్ని రోజులాగితే కండగలవి వస్తాయి. కారం మాత్రం గుంటూరు నుంచి మా ఆడపడుచు పంపింది, ఈ నెలల్లో అక్కడి మిర్చి యార్డులో ఉండేది ఎక్కువగా కోల్డ్ స్టోరేజీ నుంచి తీసిన కాయే, కొత్త పంట జోరుగా దిగేది సంక్రాంతి దాటాక. అయినా తేజ రకం మిరపకాయ తేజ కాయే, ఉసిరికి ఒక్కటే వేస్తే నోరు మండుతుంది, ఘాటు తక్కువుండే 334 రకంతో సగం సగం కలపండి.

ఆ అర స్టార్ ఎందుకు తగ్గించానంటే, మట్టి షాపులో ప్యాకింగ్ అంటే పాత న్యూస్ పేపర్ ఒక్క చుట్టు, అంతే. ఆటో గతుకుల్లో రెండు ప్రమిదలు పోయాయి, సంచిలో అడుగున పాత టవల్ పెట్టుకెళ్ళండి. ఫోన్‌పే ఉంది కానీ ఆ సందులో సిగ్నల్ రాదు, చిల్లర పట్టుకెళ్ళడమే మేలు. బేరం అస్సలు లేదు. డజను మీద ఒకటి కొసరు అడిగితే మాత్రం మొహం అటు తిప్పుకుని వేసేస్తాడు.

ఇంకోటి, షాపు వెనకాల గోడవారగా వంకరపోయిన కుండీలు, మూతలు కుప్పగా ఉంటాయి, పగిలినవి కావు, కాల్చేటప్పుడు ఒంగినవి. వాటిని సగం రేటుకి ఇస్తాడు, మీరై అడిగితేనే. బంతి గింజలు చల్లుకోవడానికి నేను తెచ్చుకున్నవి అవే.