చలి రాష్ట్రాల్లో ఇంటికి ఏది మేలు: ఫర్నేస్ గాలా, నేల వేడా?

న్యూజెర్సీ, మిషిగన్ వైపు ఇల్లు కట్టించుకునే మనవాళ్లు చాలామంది అడిగేది ఇది: అందరిలా, గాలిని వేడిచేసి డక్టుల్లోంచి (గాలి గొట్టాల్లోంచి) గదుల్లోకి ఊదే ఫర్నేస్ పెట్టించాలా, నేల కింద పైపులు వేయించి వేడినీళ్లు తిప్పించాలా?

హాయి ఒక్కటే చూస్తే నేల వేడికే నా ఓటు. ఫర్నేస్ ఊదే వేడిగాలి పైకి లేచిపోతుంది, పాదాలు చల్లగానే ఉంటాయి. మనం చెప్పులు గుమ్మం దగ్గరే విడుస్తాం, పూజకి కింద కూర్చుంటాం, పసిపిల్లలు నేల మీదే పాకుతారు. జనవరిలో ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకైతే సాక్సులు వేసుకున్నా కాళ్లు జిల్లుమంటాయి. నేలే వెచ్చగా ఉంటే ఈ బాధ ఉండదు. చప్పుడుండదు, దుమ్ము లేవదు. కింద కూర్చుని కిందే పడుకునే కొరియావాళ్లు ఓండోల్ పేరుతో తరతరాలుగా నేలనే వేడి చేసుకుంటున్నారు. పైగా నీళ్లు 35 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ ఉంటే సాధారణంగా సరిపోతాయి కాబట్టి, బయటి వేడిని లోపలికి లాగే హీట్ పంపుతో చక్కగా కుదురుతుంది.

చిక్కంతా ఎండాకాలంతోనే. అక్కడి ఉక్కలో ఆ పైపుల్లో చల్లనీళ్లు తిప్పితే నేల చెమ్మగిల్లుతుంది. అంటే ఏసీ కోసం డక్టులు ఎలాగూ వేయించాలి, అంటే రెండు ఖర్చులు. ఫర్నేస్‌కైతే అవే డక్టులు రెండు కాలాలకీ పనికొస్తాయి. ఇంకోటి, పైపులున్న కాంక్రీట్ వేడెక్కడానికి గంటలు పడుతుంది. రాత్రి తగ్గించి పొద్దున్నే పెంచుదామంటే కుదరదు. టైల్స్ మీద వేడి బాగా వస్తుంది, మందపాటి కార్పెట్ వేస్తే అడ్డుపడుతుంది.

లీకుల గురించి మరీ టెన్షన్ అక్కర్లేదు. నేల స్లాబ్ లోపల అతుకులు లేకుండా పెక్స్ పైపు (వంగే ప్లాస్టిక్ పైపు) వేయించండి, ప్రెషర్ టెస్ట్ చూడకుండా కాంక్రీట్ పోయనివ్వకండి. పైపులు ఎటు వెళ్లాయో ఫొటోలు తీసి దాచుకోండి, రేపెవరైనా డ్రిల్ చేస్తే అవే కాపాడతాయి.

కట్టి ఉన్న ఇల్లు కొంటే ఫర్నేస్‌ని కదపకండి. బాత్రూమ్ టైల్స్ మార్చేటప్పుడు కింద కరెంటుతో వేడెక్కే మ్యాట్ వేయించుకుంటే చాలు. చదరపు అడుగుకి సుమారు 12 వాట్లు, అంటే 40 చదరపు అడుగులకి 500 వాట్ల లోపే. ఇల్లంతా అదే వేయిస్తే మాత్రం బిల్లు భరించలేరు. కొత్త ఇల్లయితే బేస్‌మెంట్ స్లాబ్ పోసేటప్పుడే, వేడి కింది మట్టిలోకి పోకుండా అడుగున ఫోమ్ పరిపించి పైపులు వేయించండి. తర్వాత చేయించాలంటే నేల ఎత్తు పెరుగుతుంది, తలుపులు కూడా కోయించాల్సి రావచ్చు. చలి తక్కువుండే డాలస్‌లో ఉండేవాళ్లు ఆ డబ్బు మంచి ఏసీకి పెట్టుకోవడం నయం.