డబ్బు పోయాక ముందు ఎవరికి: 1930కా, బ్యాంకుకా, స్టేషన్‌కా?

మారతహళ్లి, కె.ఆర్. పురం పీజీల్లో ఉండే మనవాళ్లు ఆన్‌లైన్ మోసంలో ఖాతా ఖాళీ కాగానే అడిగే మాట ఒకటే: "అన్నా, ఇప్పుడు స్టేషన్‌కు పోవాలా, బ్యాంకుకా?" ఖాతా ఏమో అనంతపురం బ్రాంచిలో, మనిషి బెంగళూరులో, డబ్బు చేరింది ఇంకెక్కడో. నన్నడిగితే ఆ రెండూ తర్వాత. ముందు 1930, అంటే సైబర్ మోసాల మీద ఫిర్యాదు తీసుకునే హెల్ప్‌లైన్.

మోసగాళ్లు డబ్బును ఒకచోట ఉంచరు. మొదటి ఖాతాలో పడగానే ముక్కలు చేసి అద్దె ఖాతాల్లోకి తోలేసి, ఏటీఎంలో తీసేసుకుంటారు. 1930కి చెప్పిన వివరాలు డబ్బు చేరిన బ్యాంకుకు వెళ్తాయి. ఇంకా అక్కడే ఉంటే కదలకుండా ఆపుతారు, దాటిపోతే ఫిర్యాదు తర్వాతి బ్యాంకును పట్టుకుంటుంది. ఊళ్లోని బ్రాంచి మేనేజరు ఎంత తెలిసినవాడైనా ఈ పని చేయలేడు. ఫోన్ చేసే ముందు ఖాతా నంబరు, పోయిన మొత్తం, టైము, యూపీఐ అయితే 12 అంకెల యూటీఆర్ (లావాదేవీ గుర్తింపు) నంబరు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. లైను దొరక్కపోతే అదే ఫిర్యాదు సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఇవ్వొచ్చు. వాట్సాప్‌లో చలానా అంటూ ఎవరో పంపిన ఏపీకే (యాప్ ఫైలు) ఇన్‌స్టాల్ చేశాక డబ్బు పోయిందా? ఆ ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, రూమ్మేట్ ఫోన్ నుంచి చేయండి.

ఆ వెంటనే బ్యాంకు. బ్రాంచి కాదు, టోల్ ఫ్రీ నంబరు. కార్డు, యూపీఐ, నెట్ బ్యాంకింగ్ మూడూ బ్లాక్ చేయించి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. బ్యాంకు దారి ఎంత పని చేస్తుందనేది డబ్బు పోయిన తీరును బట్టి ఉంటుంది. మీరు ఓటీపీ లాంటివి ఎవరికీ చెప్పకుండా, తప్పు మీదీ బ్యాంకుదీ కాకుండా పోతే, 2017 జులైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం మీకు కొండంత అండ: 3 పని దినాల్లోపు బ్యాంకుకు చెబితే నష్టం మీ మీద పడదు, 10 పని దినాల్లో ఆ మొత్తం ఖాతాలో వేయాలి. 4 నుంచి 7 పని దినాలైతే మామూలు సేవింగ్స్ ఖాతాకు మీ వాటా 10,000 రూపాయలు దాటకూడదు. కానీ ఓటీపీ మీరే చెప్పి ఉంటే, బ్యాంకుకు ఫిర్యాదు చేసేదాకా పోయింది మీరే భరించాలి. ఫిర్యాదు చేశాక పోయింది మాత్రం బ్యాంకు భరించాలి. అలాంటి కేసులో బ్యాంకు చుట్టూ తిరగడం కన్నా ముందు 1930కి ఫోన్ చేయడమే మేలు.

స్టేషన్ మూడోది, కానీ వదిలేసేది కాదు. బెంగళూరులో జనం సెన్ (సైబర్, ఆర్థిక, మాదకద్రవ్య నేరాల) స్టేషన్ అనేది సైబర్ కేసులు చూస్తుంది. "మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్ఐఆర్ (పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా రాసే ఎఫ్ఐఆర్) అడగండి, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్‌లో ఉంది. కన్నడ రాదని టెన్షన్ పడక్కర్లేదు, తెలుగు అర్థమయ్యేవాళ్లు ఇక్కడ చాలామందే. ఆపిన సొమ్ము చేతికి రావాలంటే చాలాసార్లు కోర్టు ఆదేశం కావాలి, అప్పుడు అక్కరకొచ్చేది ఈ ఎఫ్ఐఆర్, ఫిర్యాదు కాగితాలే.

చిన్న కంపెనీ నడిపేవాళ్లకు వరస వేరు. సర్వరులోకి ఎవరైనా చొరబడ్డారని తెలిసిన 6 గంటల్లోపు సెర్ట్-ఇన్‌కు (సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) చెప్పాలని 2022 ఏప్రిల్ ఆదేశం. లాగ్‌లు (సర్వరులో ఏం జరిగిందో నమోదయ్యే రికార్డులు) 180 రోజులు దాచాలి కూడా. చాలా స్టార్టప్‌లు కంగారులో ముందు సర్వరు ఫార్మాట్ చేసేస్తాయి, దాంతో ఆధారం గంగలో కలుస్తుంది.

ఫిర్యాదు పెట్టాక ఇంకో బెడద ఉంది. "మీ డబ్బు దొరికింది, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి" అంటూ ఫోన్లొస్తాయి. కట్టకండి. ఆ నంబరును కూడా దర్యాప్తు చేసే అధికారికి ఇచ్చి, అదే ఫిర్యాదులో చేర్చమనండి.